పెళ్ళి ప్రకటనల పేజీలో ఒక్క వాక్యం కోసం

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ముసలితనాన్ని వెనక్కి తిప్పే జన్యు పరిశోధనల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇంట్లో, కాఫీ తాగుతూ. రెండోసారి మంగళవారం, థలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బున్న మా మనవరాలికి రక్తం ఎక్కుతుంటే మంచం పక్కన స్టూలు మీద కూర్చుని. బ్యాగు సగానికి దిగేసరికి వ్యాసం అయిపోయింది. మిగతా సగం దిగేదాకా పేజీలు తిప్పుతుంటే అదే అనుబంధం చివర్లో పెళ్ళి సంబంధాల ప్రకటనలు కనపడ్డాయి. ఆ రెండు పేజీలకీ మధ్య ఉన్న సంబంధం గురించి చెప్పాలనే ఈ ఉత్తరం.

నాకు 64 ఏళ్ళు. గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ల్యాబులో 31 ఏళ్ళు టెక్నీషియన్‌గా పనిచేశాను. నేను చేరిన కొత్తలో హిమోగ్లోబిన్ చూడాలంటే సాలీ గొట్టంలో 20 గీత దాకా యాసిడ్ పోసి, అందులో వేలి రక్తం కలిపి, చుక్క చుక్కగా నీళ్ళు పోస్తూ పక్కనున్న గాజు రంగుతో పోల్చేవాళ్ళం. తరవాత మిషన్లు వచ్చాయి. ట్యూబు పెడితే నిమిషంలో కాగితం చేతికొచ్చేది. ఆ కాగితం మీద ఉన్న అంకెలన్నీ నాకు కంఠతా వచ్చు. వాటిలో రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

మా అమ్మాయిని మా అన్నయ్య కొడుక్కే ఇచ్చాం. మేనరికం. పిల్ల కళ్ళ ముందే ఉంటుంది, తెలిసిన ఇల్లు, వదిన కూతురిలా చూసుకుంటుంది అని అందరం సంతోషపడ్డాం. అమ్మాయికి మూడో నెలలో రక్తపరీక్ష చేసింది నేనే. హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఎర్రకణం పరిమాణం చెప్పే ఎంసీవీ 65, ఎర్రకణాల సంఖ్య 52 లక్షలు. ‘మైక్రోసైటిక్ హైపోక్రోమిక్ ఎనీమియా’, అంటే ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయి ఉన్న రక్తహీనత అని నా చేత్తోనే రాశాను. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు పెంచింది. తొమ్మిదో నెలకి కూడా హిమోగ్లోబిన్ 9.6 దగ్గరే ఉంది. గోంగూర తిను, బెల్లం, వేరుశనగ తిను అని దాన్ని నేనే సాధించాను. నాకూ జీవితమంతా 10 దాటలేదు, ఇది మన ఇంటి ఒంటితీరు అనుకున్నాను.

మనవరాలు పుట్టినప్పుడు ఎర్రగా, బొద్దుగా ఉంది. ఆరో నెల దాటాక పాలిపోవడం మొదలైంది. పాలు తాగుతూ మధ్యలో ఆగి రొప్పేది. ఏడో నెలలో ఒకరోజు నూనె రాసి స్నానం చేయిస్తుంటే పొట్ట ఎడమవైపు డొక్క కింద గట్టిగా ఏదో చేతికి తగిలింది. అది వాచిన ప్లీహం. ఆ రోజు పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 4.8. శాంపిల్‌ను హైదరాబాద్ పంపితే నాలుగో రోజు బీటా థలసీమియా మేజర్ అని రిపోర్టు వచ్చింది. ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని తీవ్రమైన జబ్బు అది. ఆ పదం నేను పుస్తకంలో చదువుకున్నదే. మా ఇంట్లో వినాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

తరవాత వరసగా అందరికీ హెచ్‌బీఏ2 పరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్‌లో ఏ రకం ఎంత ఉందో విడదీసి చూపే పరీక్ష అది. హెచ్‌పీఎల్‌సీ అనే మిషన్ మీద చేస్తారు. మామూలు మనుషుల్లో హెచ్‌బీఏ2 సుమారు 3.5 శాతం లోపు ఉంటుంది. మా అమ్మాయికి 5.3, అల్లుడికి 5.1, నాకు 5.2, అన్నయ్యకి 5.4. అంటే మేం నలుగురం క్యారియర్లం. 11వ క్రోమోజోము మీద బీటా గ్లోబిన్ తయారుచేసే జన్యువు మనకు రెండు ప్రతులుగా వస్తుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మా నలుగురిలో ఒక ప్రతి చెడింది, ఇంకోటి బాగుంది. బాగున్నది పని నెట్టుకొస్తుంది కాబట్టి మాకు జబ్బు లేదు, కాస్త రక్తం తక్కువ అంతే. ఇద్దరు క్యారియర్లకు పుట్టే ప్రతి బిడ్డకూ చెడిన ప్రతులు రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మా మనవరాలికి అదే జరిగింది.

అన్నయ్య ఆ కాగితం పట్టుకుని వరండాలో చాలాసేపు కూర్చున్నాడు. చివరికి, “చెల్లెమ్మా, ఇది మనకి అమ్మ ఇచ్చిందంటావా, నాన్న ఇచ్చాడంటావా?” అన్నాడు. ఇద్దరూ పోయి ఏళ్ళయింది, ఇప్పుడు చెప్పడానికి లేదు. కానీ మాకిద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. అమ్మ ఎప్పుడూ పాలిపోయి ఉండేది. మిరప కోతలకు వెళ్ళొచ్చి అరుగు మీద కూలబడి, కాసేపు ఊపిరి తీసుకుని, అప్పుడు లేచి పొయ్యి వెలిగించేది. ‘మీ అమ్మకి ఒంట్లో రక్తం లేదర్రా’ అని ఊళ్ళో ఆరెంపీ డాక్టరు టానిక్కు ఇచ్చేవాడు.

ఇందాక చెప్పిన ఆ రెండు అంకెల సంగతి ఇక్కడ రాయాలి. ల్యాబు రిపోర్టు చేతిలో ఉన్న ఎవరైనా చూసుకోవచ్చు. ఎంసీవీని, మిలియన్లలో రాసే ఎర్రకణాల సంఖ్యతో భాగించాలి. 13 కన్నా తక్కువ వస్తే థలసీమియా క్యారియర్ అయ్యే అవకాశం ఉంది, హెచ్‌బీఏ2 చేయించాలి. ఎక్కువ వస్తే ఐరన్ లోపం అయ్యుండొచ్చు. ఐరన్ తక్కువైనవాళ్ళకు కణాలు చిన్నవిగానూ ఉంటాయి, సంఖ్య కూడా తగ్గుతుంది. క్యారియర్లకు కణాలు చిన్నవే కానీ సంఖ్య మాత్రం బాగా ఉంటుంది. మా అమ్మాయి అంకెలు 65, 5.2 (52 లక్షలంటే 5.2 మిలియన్లు). భాగిస్తే 12.5. ఇది ఖాయంగా తేల్చే లెక్క కాదు, అనుమానం పుట్టించే లెక్క. ఆ రోజు ఆ అనుమానం నాకు పుట్టి ఉంటే అల్లుడికీ పరీక్ష చేయించి ఉండేవాళ్ళం. మూడో నెలలోనే తెలిసేది.

పాపకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. 21 రోజులకోసారి రక్తం ఎక్కించాలి. “ఈసారి ఎడమ చెయ్యి, పోయినసారి కుడిచేతికి వాచింది” అని సిస్టరుకు తనే చెబుతుంది. ఏప్రిల్, మే నెలలంటే మాకు భయం. కాలేజీలకు సెలవులిస్తే రక్తం ఇచ్చే పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోతారు, బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో బ్యాగులు తగ్గిపోతాయి. మా అల్లుడు శంకర్ విలాస్ సెంటర్‌లో ఎండలో నిలబడి స్నేహితులకు ఫోన్లు చేసిన రోజులున్నాయి. ఎక్కించే ప్రతి బ్యాగుతో 200 మిల్లీగ్రాముల పైనే ఇనుము ఒంట్లోకి వెళ్తుంది. దాన్ని బయటికి పంపే దారి ఒంటికి లేదు. గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. అందుకని రోజూ పొద్దున పరగడుపున ఒక మాత్ర నీళ్ళలో కరిగించి తాగాలి. పాప దాన్ని సుద్దముక్క నీళ్ళంటుంది. ముక్కు మూసుకుని తాగి, గ్లాసు అడుగున మిగిలిన తెల్లటి మడ్డిలో ఇంకాసిని నీళ్ళు పోసుకుని అదీ తాగుతుంది. అది మిగిలిపోతే మందు మిగిలిపోయినట్టేనని దానికి తెలుసు.

ఇప్పుడు మీ వ్యాసం సంగతికి వస్తాను. సార్డీనియా దీవిలో నూరేళ్ళు దాటి బతికేవాళ్ళు ఎక్కువని, వాళ్ళ జన్యువుల్ని శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్నారని రాశారు. ఆ దీవి పేరు మా ఇంట్లో వేరే కారణంతో తెలుసు. అక్కడ థలసీమియా చాలా ఎక్కువ. ఒకప్పుడు 250 మంది పిల్లలు పుడితే వాళ్ళలో ఒకరికి ఈ జబ్బు ఉండేది. 1970ల నుంచి అక్కడ పెళ్ళి కావలసినవాళ్ళకు, గర్భిణులకు పరీక్షలు చేసి, ఇంటింటికీ విడమర్చి చెప్పుకొచ్చారు. కొన్నేళ్ళకు అది 4 వేల మందిలో ఒకరికి తగ్గింది. అక్కడ చేసింది రక్తపరీక్ష, ఇద్దరూ క్యారియర్లయితే కడుపులో బిడ్డకు పరీక్ష, దాని గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవడం.

ఆ దీవి నుంచి ఇంకో మేలు కూడా జరిగింది. థలసీమియా ఉండి కూడా అంతగా బాధపడని కొందరి జన్యువుల్ని చూస్తే, వాళ్ళ ఒంట్లో పసిపిల్లల రకం హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా తయారవుతోందని తెలిసింది. తల్లి కడుపులో బిడ్డకు ఉండే హిమోగ్లోబిన్ వేరు, పెద్దవాళ్ళది వేరు. పుట్టిన ఆరు నెలలకు ఆ పాతది ఆగిపోయి కొత్తది అందుకుంటుంది. మా పాప ఆరు నెలల దాకా ఎర్రగా ఎందుకుందో, తరవాత ఎందుకు పాలిపోయిందో నాకు అప్పుడు అర్థమైంది. పాతదాన్ని ఆపేసే జన్యువు పేరు బీసీఎల్11ఏ. 2008లో అది బయటపడింది. మనిషి రక్తాన్ని తయారుచేసే మూలకణాలు తీసి, క్రిస్పర్ అనే జన్యు కత్తెర పద్ధతిలో ఆ జన్యువు స్విచ్చి ఉన్నచోట కత్తిరించి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తే పసితనపు రక్తం మళ్ళీ మొదలవుతుంది. క్యాస్‌జెవీ అనే ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, 2024 జనవరిలో అమెరికా థలసీమియాకు అనుమతి ఇచ్చాయి. వయసును వెనక్కి తిప్పడం అన్న మీ శీర్షిక చూడగానే నాకు మనసులో మెదిలింది ఇదే. ఒక మనిషి రక్తాన్ని ఆరు నెలల వయసుకు తీసుకెళ్ళగలిగారు. అది నిజంగా గొప్ప పని. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్లకు పైమాటే. ఆ అనుమతులు పన్నెండేళ్ళు నిండినవాళ్ళకే ఇచ్చారు. మా పాపకి ఇంకా మూడేళ్ళుంది. ఆ మూడేళ్ళలో ధర మాకు అందే చోటుకు వస్తుందని ఎవరూ చెప్పలేరు కానీ, ఆ వార్త ఎక్కడ కనపడ్డా కత్తిరించి దాచిపెడుతున్నాను.

ముసలితనం పరిశోధనకీ వంశపారంపర్య జబ్బులకీ ఉన్న బంధం మీ వ్యాసంలో ఇంకాస్త చెప్పాల్సింది. పుట్టిన ఏడాదిలోనే ముసలితనం మొదలయ్యే ప్రొజీరియా అనే అరుదైన జబ్బుంది. సాధారణంగా 14, 15 ఏళ్ళకే ఆ పిల్లలు గుండెజబ్బుతో పోతారు. డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల అది వస్తుందని 2003లో తేలింది. లోనాఫార్నిబ్ అనే మందు 2020లో వచ్చింది. ఆ పిల్లల కణాల్లో చేరే చెడు ప్రొటీనే మామూలు ముసలివాళ్ళ కణాల్లోనూ కొద్దికొద్దిగా కనిపించింది. ప్రపంచంలో చాలా కొద్దిమంది పిల్లల బాధ నుంచి అందరి ముసలితనం గురించి కొంత తెలిసిందన్నమాట. మోకాళ్ళ నొప్పులున్న నాకు ఆ పరిశోధన అక్కరలేదని నేననను. కావాలి. కాకపోతే వంశపారంపర్య జబ్బును ముందే పట్టిచ్చే ఒక చిన్న పరీక్ష, హెచ్‌బీఏ2, ఈ రోజే మన వీధిలో దొరుకుతోంది. మా ల్యాబులో అది వెయ్యి రూపాయల లోపే. దాన్ని మనం వాడుకోవడం లేదు.

‘మేనరికాలు మానేస్తే పోతుంది కదా’ అని చాలామంది అంటారు. మా ఇంటి సంగతి విన్నాక అలా అనిపించడం సహజం. మేనత్త మేనమామ బిడ్డలు చేసుకుంటే పిల్లల్లో పుట్టుక లోపాలు మామూలు కన్నా సుమారు రెట్టింపు కనిపిస్తాయన్నది నిజం. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు జె.బి.ఎస్. హాల్డేన్ అనే పేరున్న జన్యుశాస్త్రవేత్త దగ్గర శిష్యరికం చేసి, ఆంధ్రలో మేనరికాల మీద 1960ల్లోనే పరిశోధన పత్రం రాశారు. అరవై ఏళ్ళు దాటినా మన రాష్ట్రంలో సుమారు నాలుగో వంతు పెళ్ళిళ్ళు ఇంకా దగ్గరి సంబంధాలేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కానీ బయటి సంబంధం చేసుకుంటే చాలనుకోవడమూ పొరపాటే. 2017లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో తంగరాజ్ గారి బృందం, ఇతర దేశాల శాస్త్రవేత్తలతో కలిసి ప్రచురించిన పరిశోధనలో, మన కులాల్లో చాలావాటికి మూలపురుషులు కొద్దిమందేనని, వందల ఏళ్ళుగా లోపలే చేసుకోవడం వల్ల అలాంటి కులాల్లో కొన్ని జన్యులోపాలు పేరుకునే అవకాశం ఎక్కువని చూపించారు. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌కి ఇచ్చే ఒకరకం మత్తు ఇంజెక్షన్ పడక, కండరాలు గంటల తరబడి చచ్చుబడిపోవడం మత్తు డాక్టర్లకు ముందు నుంచీ తెలుసు. దానికి కారణం అలాంటి లోపమే. కాబట్టి చుట్టరికం ఉందా లేదా అని కాకుండా, రక్తం చూసుకోవాలి. థలసీమియా క్యారియర్లు మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఉంటారు. ఏ సంబంధంలోనైనా ఇద్దరు ఎదురుపడొచ్చు.

ఇద్దరూ క్యారియర్లని తేలితే పెళ్ళి మానుకోవాలా? అదీ అవసరం లేదు. మా అమ్మాయి రెండోసారి గర్భవతి అయినప్పుడు 11వ వారంలో హైదరాబాద్ తీసుకెళ్ళి మాయ నుంచి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించాం. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. పుట్టబోయే బిడ్డ క్యారియర్ మాత్రమే అని వచ్చింది. ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు, పరుగులు పెడుతున్నాడు. వాడి ఎముకల్లోని మూలుగ అక్కకి ఎక్కించడానికి సరిపోతుందేమో అని ఆశపడ్డాం, సరిపోలేదు. కడుపులో బిడ్డకు ఏ పరీక్ష చేయించినా నేరమని మన దగ్గర చాలామంది భయపడతారు. చట్టం ఆపింది ఆడా మగా చెప్పడాన్ని. ఇలాంటి రక్తజబ్బుల పరీక్షలను ఆ 1994 చట్టమే అనుమతిస్తుంది.

ఇక అసలు బాధ. మా అందరి హెచ్‌బీఏ2 రిపోర్టులు వచ్చేదాకా నాలుగు రోజులు మా వదిన అమ్మాయితో మాట్లాడలేదు. “మా వైపు ఇలాంటివి ఎవరికీ లేవమ్మా” అని వచ్చినవాళ్ళందరి ముందూ అంది. కొడుకు రిపోర్టు, భర్త రిపోర్టు చూశాక వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు పాపని ఆస్పత్రికి ఎక్కువసార్లు తీసుకెళ్ళేది ఆవిడే. ఆవిడ మీద నాకు కోపం లేదు. కానీ బిడ్డకు జబ్బు రావాలంటే ఇద్దరి నుంచీ రావాలన్న మాట ఆవిడకు ముందే తెలిసి ఉంటే మా అమ్మాయి ఆ నాలుగు రోజులు అలా గోడకు ఆనుకుని కూర్చునేది కాదు.

మా తమ్ముడి కూతురూ క్యారియరే. పోయిన ఏడాది విజయవాడ నుంచి మంచి సంబంధం వచ్చింది. మాటలు కలిశాయి. దాచకూడదని మేమే చెప్పి, అబ్బాయికి కూడా ఒకసారి పరీక్ష చేయించమని అడిగాం. అబ్బాయిలో లేకపోతే పుట్టే పిల్లలకు ఈ జబ్బు వచ్చే అవకాశమే ఉండదని కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. వాళ్ళు పరీక్ష చేయించలేదు. రెండు రోజుల తరవాత ‘జాతకాలు కుదరలేదు’ అని ఫోన్ వచ్చింది. నిజం చెప్పినందుకు ఆ పిల్ల నష్టపోయింది. అందుకే ఈ ఉత్తరం కింద నా పేరు వేయవద్దని కోరుతున్నాను. వేయించుకోవాలనే ఉంది, కానీ ఆ పిల్లకి ఇంకా సంబంధాలు చూస్తున్నాం.

ఒక్క పిల్ల వైపు నుంచి చెబితే అది లోపంలా వినిపిస్తోంది. అందరూ చేయించుకుంటే బ్లడ్ గ్రూపు చెప్పుకున్నంత మామూలుగా అయిపోతుంది. మీ ప్రకటనల్లో నక్షత్రం, పాదం, గోత్రం, ఎత్తు, జీతం అన్నీ ఉన్నాయి. ఆ పేజీ తీసుకుని గుంటూరులో, విజయవాడలో, పల్లెల్లో ఎన్ని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పెన్ను పట్టుకుని గుర్తులు పెట్టుకుంటారో మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ పేజీ పైన, ప్రతి ఆదివారం, ఈ మాట వేయండి:

“సంబంధం ఖాయం చేసుకునే ముందు అబ్బాయి, అమ్మాయి ఇద్దరికీ హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించండి. ఒక్కరే క్యారియర్ అయితే పెళ్ళికి అడ్డు లేదు. ఇద్దరూ అయితే ముందుగా డాక్టరును కలవండి.”

రెండు వేళ్ళ మందం చోటు పడుతుంది. ఉచితంగా వేయడం కుదరదంటే దాని రుసుము ఎంతో తెలియజేయండి. మొదటి ఏడాదికి నా పింఛను డబ్బుల్లోంచి నేను కడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
బ్రాడీపేట, గుంటూరు.